ఎర్ర గీత దాకా

పొద్దున ఎనిమిదింటికి కార్ఖానా తలుపు తెరిచాక ఆమె ముందుగా చేసే పని సూదికి పట్టు తీయడం.

అది అత్తగారి సూది. బొత్తాలు కుట్టుకునే మామూలు సూది, రోజూ ఇంటినుంచి కొంగున గుచ్చుకుని తెచ్చి సాయంత్రం మళ్లీ తీసుకెళ్తుంది. ఆమె దాన్ని జానెడు నల్లదారానికి కట్టి కిటికీ చువ్వకు కాకుండా చెక్క గూటానికి వేలాడదీస్తుంది. ఇనుప ముక్కలో అయస్కాంతపు పట్టు మిగిలి ఉందో లేదో చెప్పేది ఆ సూదే. ముక్క దగ్గరికి తెస్తే సూది కదలకుండా నిటారుగా ఉండాలి. వెంట్రుకవాసి వాలినా ఆ ముక్క బయటికి పోవడానికి లేదు. అయితే రోజంతా అయస్కాంతాల మధ్య తిరిగే సూదికి సాయంత్రమయ్యేసరికి దానికే కాస్త పట్టు వస్తుంది. సొంత పట్టున్న సూది నిజం చెప్పదు. అందుకని రోజూ ముందు సూది, తర్వాతే మిగతా పని. ఇరవై ఏళ్లలో ఆ వరస ఒక్కరోజు తప్పలేదు.

అది సానపట్టే కార్ఖానా. యంత్రాల లోపల తిరిగే ఇనుప భాగాలను అక్కడ అద్దంలా నున్నగా చేసి పంపుతారు. సానపట్టేటప్పుడు ముక్క కదలకుండా కింద అయస్కాంతపు బల్ల పట్టుకుంటుంది. పని అయి బల్ల వదిలేసినా ముక్క మాత్రం కొంత పట్టును తనతో తీసుకుపోతుంది. అలాగే పంపితే ఇనుప రజనంతా దాన్ని అంటుకుని, యంత్రాన్ని లోపల్నించి కొరికేస్తుంది. కాబట్టి ప్రతి ముక్కకూ పట్టు తీయాలి. తీసేది ఆమె. ఆమె పేరు కార్ఖానాలో ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆమె కాయిలక్క.

కాయిలంటే రాగితీగ చుట్టిన పెద్ద కడియం. అందులోంచి చెక్క పట్టాలు పన్నెండు అడుగులు సాగుతాయి. పట్టాల మీద చెక్క బండి. పట్టాల చివర ఎర్ర గీత. ఆమె పెడలు మీద కాలు వేస్తే కాయిలు గుయ్‌మని మోగుతుంది. ముక్కను కాయిల్లోంచి దాటించి, పొడవాటి గడతో బండిని మెల్లగా, మరీ మెల్లగా ఎర్ర గీత దాకా తోస్తుంది. గీత దాటాకే కాలు తీస్తుంది.

ఎందుకలా అని పనిలో చేరిన కొత్తలో అడిగితే మేస్త్రి ఓపిగ్గా చెప్పాడు. "ఇనుములో కంటికి కనపడని ముళ్లు కోట్లకొద్దీ ఉంటాయమ్మా. అన్నీ ఒకే దిక్కు చూస్తే పట్టు. తలా ఒక దిక్కు చూస్తే ఏమీ లేదు. ఎర్రగా కాల్చినా చెదిరిపోతాయి, సుత్తితో బాదినా చెదిరిపోతాయి. కానీ కాల్చినా బాదినా ముక్క పాడవుతుంది కదా. కాయిలైతే వాటిని అటూ ఇటూ ఊపి ఊపి, దూరం పోతున్నకొద్దీ మెల్లగా వదిలేస్తుంది. ఒక్కటే జాగ్రత్త. మధ్యలో కాలు తీశావా, ఆ క్షణంలో ఎటు చూస్తున్నాయో అటే బిగుసుకుపోతాయి. వచ్చిన పట్టు కంటే పోయేటప్పటి పట్టు ఎక్కువవుతుంది."

ఆమె పెద్దగా చదువుకోలేదు. కానీ ఒకసారి విన్నది మరిచిపోయే మనిషి కాదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు గడప దగ్గర కూర్చుని ఉంటుంది. డెబ్బై ఏడేళ్ల మనిషి. కళ్లు మసకబారాయి గాని నాలుక మొద్దుబారలేదు. కోడలు చెప్పులు విప్పుతుండగానే ఒక ప్రశ్న అడుగుతుంది.

"ఉందా?"

"ఉంది అత్తయ్యా."

అంతే. తర్వాత ఇద్దరూ అన్నం తింటారు. ఆరేళ్లుగా అదే ప్రశ్న, అదే జవాబు. కొడుకు పోయిన మొదటి సంవత్సరం, ఎంతటి కోపమైనా ఏడాది తిరిగేసరికి చల్లారిపోతుందని ఎవరో ఓదార్చబోతే ముసలామెకు భయం వేసింది. అప్పటినుంచి రోజూ అడిగి చూసుకుంటోంది.

ఆ కోపం ఎవరి మీదో వీధంతటికీ తెలుసు. కార్ఖానాకు ఎదురుగా పాత ఇనుము యార్డు ఉంది. దాని యజమానిని అందరూ షావుకారు అంటారు. యార్డులో క్రేనుకు వేలాడే గుండ్రటి అయస్కాంతం ఉంది. బండి చక్రమంత వెడల్పు. కరెంటు ఉన్నంతసేపే దానికి పట్టు. స్విచ్ వేస్తే ఒక్క ఊపులో అర లారీ ఇనుము లేస్తుంది. స్విచ్ తీస్తే అదంతా దబ్బున పడుతుంది. కరెంటు పోయినా పడకుండా కొంతసేపు పట్టి ఉంచడానికి పక్కన బ్యాటరీ పెట్టాలని రూలు. షావుకారు పెట్టలేదు.

ఆమె భర్త ఆ క్రేను కింద సైగల మనిషి. ఎటు తిప్పాలో, ఎక్కడ దించాలో కింద నిలబడి చేత్తో చూపించేవాడు. ఆరేళ్ల కిందట ఒక ఉదయం పదకొండు గంటలకు క్రేను డ్రైవరు టీకి వెళ్లాడు. బయట లారీ తొందరపెడుతోందని షావుకారు తానే క్యాబిన్ ఎక్కాడు. కిందికి దించి వదిలే ఓపిక ఆయనకెప్పుడూ లేదు. పైనుంచే వదిలేసేవాడు. ఆ రోజూ అలాగే వదిలాడు. కింద మనిషి ఇంకా పక్కకు తప్పుకోలేదు.

విచారణలో షావుకారు వేరేలా చెప్పాడు. కరెంటు పోయిందన్నాడు. చచ్చినవాడు తాగి ఉన్నాడనీ, వద్దన్నా కిందికి వచ్చి నిలబడ్డాడనీ అన్నాడు. శవం పక్కన సీసా దొరికిందని చూపించాడు. డ్రైవరు అవునన్నాడు. యార్డు కాటా దగ్గర తూకం చూసే గుమాస్తా కూడా అవునన్నాడు.

ఆమె ఒక్కతే కాదంది. కార్ఖానాకూ యార్డుకూ ఒకటే లైను. అక్కడ పోతే ఇక్కడా పోతుంది. ఆ పదకొండు గంటలకు ఆమె కాలు పెడలు మీదే ఉంది, కాయిలు మోగుతూనే ఉంది. ఆ మాటే చెప్పింది. విచారించిన అధికారి పక్కవాడి వైపు చూసి నవ్వాడు. "మోగుతోందా? ఏం పాటమ్మా?" అన్నాడు. కాగితం మీద, మద్యం మత్తులో మృతుని సొంత అజాగ్రత్త అని రాసుకున్నాడు.

దగ్గు మందు కూడా ముక్కు మూసుకుని మింగేవాడి గురించి అలా రాశారు. అప్పటినుంచి వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లకు మాట మాట పెరిగినప్పుడల్లా అత్తగారు తాగుబోతు తల్లి అయింది. బిందె పట్టుకుని మాట్లాడకుండా వచ్చేసేది. బతుకులో ఎవరిచేతా మాట పడని మనిషి.

షావుకారు ఒంటికి అయస్కాంతపు పట్టు వచ్చిన సంగతి కూడా వీధిలో అందరికీ తెలిసిందే. కొందరికి చక్కెర జబ్బు వస్తుంది, కొందరికి కీళ్లనొప్పులు వస్తాయి. ఆయనకు ఇది వచ్చింది. విచారణ ముగిసిన కొద్ది నెలలకు మొదట జేబులో తాళాలు పక్కకు వాలడం మొదలైంది. తర్వాత గుండుసూదులు, తర్వాత గరిటెలు. భార్య రోజూ పడుకోబోయే ముందు ఆయన వీపు మీంచి మేకులూ పిన్నీసులూ ఏరి డబ్బాలో వేసేది. డబ్బా నిండితే యార్డుకే పంపేది. మంగలి ఆయన కోసం ఇత్తడి కత్తెర చేయించుకున్నాడు. ఇంట్లో ఇనుప మంచం తీసేసి చెక్క మంచం వేశారు. తలుపుకు గొళ్లెం బదులు తాడు కట్టారు. యార్డులోకి అడుగుపెట్టడం మానేసి, వీధి వైపు చెక్క గదిలో కూర్చుని కిటికీలోంచే అరిచి పని చేయించేవాడు. అన్నేళ్లు ఆ అయస్కాంతం కింద తిరిగిన మనిషికి రాక ఏమవుతుందని జనం అనుకున్నారు. అంతకంటే ఎవరూ ఏమీ అనుకోలేదు.

వైద్యం చేయించుకోలేదని కాదు. ఒకసారి గట్టి జ్వరం వచ్చినప్పుడు పట్టు కొంచెం తగ్గింది. దాంతో వేడి మంచిదని ఎండాకాలమంతా మిద్దె మీద పడుకున్నాడు. చర్మం ఊడింది గాని చెంచాలు ఊడలేదు. దెబ్బలకు పోతుందని ఎవరో చెబితే పహిల్వాను చేత అరికాళ్ల మీద బాదించుకున్నాడు. వారం రోజులు కుంటుతూ నడిచాడు. ఇనుముకు పట్టు పోయేంత వేడికీ దెబ్బలకూ మనిషికి ప్రాణమే పోతుందని ఆఖరికి అర్థమైంది. అప్పుడు కార్ఖానా మేస్త్రికి కబురు పెట్టాడు.

మేస్త్రి ఆమె దగ్గరికి వచ్చి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు.

"నువ్వు వద్దంటే వద్దనే చెప్తానమ్మా. బలవంతం ఏం లేదు."

ఆమె సూది వైపు చూసింది. "పెద్ద కాయిలు ఆరడుగుల ఇరుసుల కోసమే కదా కొన్నారు. అందులో మనిషి పడతాడు."

"చేస్తావా?"

"మిగతా ముక్కలకు ఎలా చేస్తానో అలాగే చేస్తాను."

నిజంగా అలాగే అనుకుంది. వచ్చిన ముక్క ఎవరిదని ఆమె ఎన్నడూ అడగలేదు. పని విషయంలో మనిషిని చూడకూడదని ఆమె నియమం. ఆ సంగతి సాయంత్రం ఇంట్లో చెబితే అత్తగారు ముద్ద కిందపెట్టేసింది.

"వాడి ఒంట్లోది తీసి వాడికి సుఖం కట్టబెడతావన్నమాట."

"పని అత్తయ్యా. పనిలో నాకు తేడా ఉండదు."

"తేడా చెయ్యమని ఎవరన్నారే? అడగమంటున్నాను. ఆ గుండ్రంలో పడుకోబెట్టి ఒక్కసారి అడుగు. నిలబడ్డ మనిషి కంటే పడుకున్న మనిషి నిజం చెబుతాడు. నీ మామగారు డబ్బు పేకాటలో పోయిందని పడుకున్నప్పుడే చెప్పేవాడు."

కోడలు నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు.

మర్నాడు షావుకారు వీధి మధ్యలోంచి నడిచి వచ్చాడు. కొట్ల షట్టర్లకు దూరంగా అలా మధ్యలోంచి నడవడం ఆయనకు అలవాటైపోయింది. కాయిలు గదిలో ఇనుమనేది ఉండదు. గోడలకు చెక్క పలకలు, బల్లలకు ఇత్తడి మరలు. షావుకారు గది చుట్టూ చూసి హాయిగా ఊపిరి పీల్చుకుని చొక్కా విప్పి బండి మీద పడుకున్నాడు. ఎడమ భుజానికి అంటుకుని ఉన్న చిన్న మరమేకును ఆమె గిల్లి తీసి బయట పారేసింది. ఆ వీపు చూస్తే అందరి వీపుల్లాగే ఉంది.

పెడలు మీద కాలు వేసింది. కాయిలు మోగింది. బండి మెల్లగా కడియంలోకి వెళ్లింది. షావుకారు ఒళ్లంతా జలదరించిందేమో, చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకున్నాడు.

ఆమె గడను ఆపింది. కాలు తీయలేదు.

"ఒక మాట అడుగుతాను, చెప్పండి. ఆ రోజు కరెంటు పోయిందా?"

షావుకారు కళ్లు తెరవలేదు. "పోయింది. ఆరేళ్లయింది కదమ్మా, ఇంకా ఎందుకవన్నీ. నీ మొగుడు తాగి వచ్చి నిలబడ్డాడు. నేనేం చెయ్యను? పని చూడు."

అదే గొంతు. విచారణలో విన్న గొంతే. మధ్యలో తడబాటు లేదు, తొందర లేదు. అన్నిసార్లు చెప్పీ చెప్పీ ఆయనకు ఆ అబద్ధం నిజమే అయిపోయినట్టుంది.

ఆమె గడతో బండిని తోసింది. ఒక అడుగు. రెండు అడుగులు. ఎర్ర గీతకు ఇంకా పది అడుగులుంది. కాయిలు మోగుతూనే ఉంది, ఆ రోజు మోగినట్టే.

పెడలు మీంచి కాలు తీసింది.

గది నిశ్శబ్దమైపోయింది. షావుకారు కళ్లు తెరిచి, "అయిందా?" అన్నాడు.

"లేవండి."

"సూదితో చూస్తావట కదా."

"సూది రేపు చూద్దాం. ఇవాళ ఇంటికెళ్లి చెక్క మంచం మీద పడుకోండి. రేపు పొద్దున మీ యార్డులోకి వెళితే మీకే తెలుస్తుంది."

ఒక్క అబద్ధమూ ఆడలేదు. అయినా అది నిజం చెప్పడం కాదని ఆమెకు తెలుసు. ఆయన వెళ్లాక ఆ బండి మీద కూర్చుని తన కుడికాలి వైపు చూసుకుంది. ఇరవై ఏళ్లుగా చెప్పిన మాట విన్న కాలు. ఆ సాయంత్రం అత్తగారు "ఉందా?" అని అడిగితే ఆమె జవాబు చెప్పకుండా కంచం ముందు కూర్చుంది. ముసలామె ఇంకోసారి అడగలేదు.

మర్నాడు షావుకారు పెందలాడే లేచి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, మంచి ఘడియ కోసం పదకొండింటి దాకా ఆగి బయల్దేరాడు. వీధిలో గోడకు ఆనించిన సైకిలు ఒకటి ఆయన దాటుతుండగా ఆయన వైపే పడింది. గాలికి పడిందనుకున్నాడు. ఏళ్ల తర్వాత సొంత యార్డులో సొంత కాళ్లతో తిరగబోతున్నానన్న సంబరంలో ఉన్నాడు. గేటు దగ్గర కూలీలు పలకరిస్తే తల ఎగరేసి లోపలికి నడిచాడు. సరిగ్గా అప్పుడు డ్రైవరు అయస్కాంతాన్ని ఇనుప రేకుల కుప్ప మీదికి దించి స్విచ్ వేసి పైకి లాగుతున్నాడు. రేకులు లేచాయి. రేకులతో పాటు షావుకారూ లేచాడు.

డ్రైవరు చూసేసరికి ఆయన రెండంతస్తుల ఎత్తులో ఉన్నాడు. వీపు అయస్కాంతానికి అతుక్కుని ఉంది, మొహం నేల వైపుకుంది. చెప్పులు రెండూ కింద పడి ఉన్నాయి.

గుమాస్తా పరిగెత్తుకుంటూ కార్ఖానాకు వచ్చాడు. "అక్కా, షావుకారుగారు పైన ఉండిపోయారు. నువ్వు రావాలి. ఇలాంటివి నీకే తెలుసు."

ఆమె గూటం మీంచి సూది తీసుకుని, దారం వేలికి చుట్టుకుని బయల్దేరింది. వెనకాల మేస్త్రి. కార్ఖానా వాళ్లు కూడా యంత్రాలు ఆపి వచ్చారు. గేటు పక్కన కాటా గోడ మీద గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. ఆ లైన్లో రోజూ పన్నెండింటికి ఒక గంట కరెంటు తీస్తారు. అది అక్కడున్న అందరికీ తెలుసు. అందరికంటే బాగా పైనున్న మనిషికి తెలుసు.

"వచ్చావా తల్లీ," అన్నాడు షావుకారు పైనుంచి. గొంతు సన్నగా వచ్చింది. "ముందు దీన్ని తీసెయ్యి."

"ఇక్కడ కాయిలు లేదండి. ఇక్కడ ఉన్నది స్విచ్ ఒక్కటే."

"స్విచ్ వద్దు. ఒరేయ్, స్విచ్ మీద చెయ్యి వెయ్యకు," అని డ్రైవరును హెచ్చరించి, మళ్లీ ఆమె వైపు చూశాడు. "నిన్న తీశానన్నావు కదా."

"తీశానని నేను అనలేదు." ఆమె ఇంకో నాలుగడుగులు ముందుకు వేసి ఆయన మొహం కనిపించేలా నిలబడింది. వేలికి వేలాడే సూది పైకి లేచి ఆయన వైపు చూపించింది. "నిన్న ఎర్ర గీత రాకముందే పెడలు మీంచి కాలు తీశాను. పొరపాటున కాదు, కావాలనే తీశాను. మా మేస్త్రిగారికి ఇచ్చిన మాట తప్పాను. ఇరవై ఏళ్లలో ఇదొక్కటే నేను చేసిన తప్పుడు పని. నా తప్పు ఇంతమంది ముందు నా నోటితో చెప్పాను. ఇప్పుడు మీరు చెప్పండి."

మేస్త్రి తల దించుకున్నాడు.

"నీ మీద కేసు పెడతాను," అన్నాడు షావుకారు.

"పెట్టండి. దిగాక."

గడియారంలో ముల్లు కదిలింది. పైన ఒక రేకు అంచు గాలికి కొట్టుకుంటోంది. షావుకారు కాసేపు తిట్టాడు, కాసేపు బతిమాలాడు. డ్రైవరును నిచ్చెన వేయించమన్నాడు. యార్డులో ఉన్నదల్లా ఇనుప నిచ్చెన. దాన్ని దగ్గరికి తేవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. క్రేనునే మెల్లగా దించమన్నాడు. డ్రైవరు మీటల మీద చేతులు వేసి దించకుండా ఆమె వైపు చూశాడు. ఈ డ్రైవరు ఆమె భర్తను అన్నా అని పిలిచేవాడు. చావు రోజున పాడె మోసినవాడు. వారం తర్వాత విచారణలో కరెంటు పోయిందన్నవాడు. ఆరేళ్లుగా ఆమె ఎదురుపడితే సందు మారేవాడు.

ఆమె తల ఎత్తి అతని వైపే చూసింది. డ్రైవరు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

పదకొండూ నలభై అయింది.

"షావుకారుగారూ," అన్నాడు డ్రైవరు క్యాబిన్‌లోంచి తల బయట పెట్టి, "బ్యాటరీ పెట్టిద్దామని ఆ రోజుల్లోనే అన్నాను మీతో. గుర్తుందో లేదో."

అప్పుడు షావుకారు ఏడ్చాడు. కన్నీళ్లు బుగ్గల మీదికి రాలేదు, నేరుగా నేల మీద పడ్డాయి.

"కరెంటు పోలేదు," అన్నాడు. "నేనే తీశాను స్విచ్. లారీ వాడు గోల పెడుతున్నాడని తీశాను. వాడు చెయ్యెత్తి ఆగమన్నాడు. నేను చూశాను. చూసీ, తప్పుకుంటాడులే అనుకున్నాను."

ఆమె భర్త ఆఖరి సైగ ఏమిటో ఆమెకు అంతవరకూ తెలియదు. వేలికి చుట్టిన దారాన్ని ఇంకో చుట్టు బిగించింది. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, "రాయండి," అంది.

గుమాస్తా కాటా పుస్తకంలోంచి కాగితం చింపి, గోడకు ఆనించి రాయడం మొదలుపెట్టాడు.

"తాగి ఉన్నాడా?" అని అడిగింది ఆమె.

"లేదు. వాడు తాగడు."

"సీసా?"

"సీసా గుమాస్తా చేత పెట్టించాను."

గుమాస్తా కలం ఆగిపోయింది. చెమట కారి కాగితం మీద పడింది. అందరూ అతని వైపే చూస్తున్నారు.

"రాయండి," అంది ఆమె మళ్లీ. గొంతు పెంచలేదు. "ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి. మీ పేరుతో సహా."

రాశాడు. రాసింది పైకి చదివాడు. తన పేరు వచ్చిన చోట ఆగి, నీళ్లు తాగి మళ్లీ చదివాడు. డ్రైవరు పైనుంచి, "నా మాట కూడా కింద రాయి. నేను అబద్ధం చెప్పాను. టీ కొట్టులో రేడియో పాడుతూనే ఉంది, కరెంటు ఉంది," అన్నాడు. యార్డు వాళ్లూ కార్ఖానా వాళ్లూ ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. మసి చేతులు కాబట్టి సిరా అక్కర్లేకపోయింది.

గడియారం పన్నెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తుండగా ఆమె డ్రైవరుకు చెయ్యి చూపించింది. అరచేయి కిందికి పెట్టి వేళ్లను మెల్లగా ఆడించింది. మెల్లగా దించమనే సైగ. ఇంట్లో భర్త మాటల మధ్యలో అలవాటుగా చేసే సైగే. క్రేను మూలిగింది. షావుకారు కొంచెం కొంచెంగా కిందికి వచ్చాడు. అయస్కాంతం అంచును రేకుల కుప్పకు ఆనించి నిలువుగా వంచేసరికి కాళ్లు నేలకు ఆనాయి, వీపు మాత్రం అతుక్కునే ఉంది. స్విచ్ తీస్తే విడిపోతాడు. డ్రైవరు తీయలేదు. తీయమని షావుకారూ అనలేదు. ఆ స్విచ్ మాట ఎత్తడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. అందరూ నిలబడి గడియారం వైపు చూస్తూ ఉండిపోయారు.

సరిగ్గా పన్నెండింటికి రేకులన్నీ గలగలమని రాలాయి. షావుకారు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

ఈసారి నిజంగానే కరెంటు పోయింది.

ఆ మధ్యాహ్నమే ఆమె మేస్త్రి దగ్గరికి వెళ్లి, చెడిన పనులు రాసే పుస్తకం తెమ్మంది. ఒకటి చెడిందనీ, కారణం కాలు తీయడమనీ, చెడగొట్టింది తాననీ రాయించింది. మేస్త్రి వద్దన్నా వినలేదు. ఆ పేజీలో ఆమె పేరు మొదటిసారి ఎక్కింది.

కాగితం కదిలి అధికారి దగ్గరికి చేరడానికి రెండు నెలలు పట్టింది. పాత మాటలు కొట్టేసి, యజమాని చేతులారా స్విచ్ తీయడం వల్ల అని కొత్తగా రాశారు. షావుకారు మీద కేసు మొదలైంది, నడుస్తోంది. గుమాస్తా ఊరు వదిలి వెళ్లిపోయాడు. ముసలామె ఆ కొత్త కాగితాన్ని మడత నలగకుండా అట్ట మధ్య పెట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. బిందె తీసుకెళ్లలేదు. చదువొచ్చిన ఒకామె చేత మొదట్నించి చివరిదాకా చదివించింది. మధ్యలో వెళ్లిపోబోయిన ఇద్దరిని పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టింది. రెండోసారి కూడా చదివించింది. తర్వాత కాగితాన్ని మళ్లీ అట్ట మధ్య పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఇంకో నెలకు షావుకారు కార్ఖానాకు వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు. ఎక్కితే యంత్రాల మీది ముక్కలు కదులుతాయని వీధి అవతలే నిలబడి చేతులు జోడించాడు. మనిషి సగమయ్యాడు. చొక్కాకు బొత్తాల బదులు దారాలు ముడివేసి ఉన్నాయి. రైలెక్కలేడు, బస్సెక్కలేడు. వేరే ఊళ్లో వేరే కాయిలు వెతుక్కోవడానికి లేదు. మనిషి పట్టే కాయిలు ఆ చుట్టుపక్కల అదొక్కటే.

ఆమె పని ఆపి బయటికి వచ్చింది.

"చెప్పమన్నది చెప్పాను కదమ్మా," అన్నాడు. "ఇంకా ఏం మిగిలింది నా దగ్గర?"

"చెప్పారు."

"అయితే తీస్తావా?"

"తీస్తాను. ఎర్ర గీత దాకా బండి తోసే తీస్తాను. ఈసారి మధ్యలో కాలు తీయను." ఆమె ఆయన కళ్లలోకి చూసింది. "తాగుబోతు తల్లి అన్న మాట మా అత్తగారు ఆరేళ్లు మోశారు. మీరు దీన్ని ఆరేళ్లు మోయండి. లెక్క మీకే తెలుస్తుంది, ఆ రోజు మీ కాటా గోడ మీది గడియారం పన్నెండు కొట్టినప్పుడు మొదలైంది. ఆరేళ్లయ్యాక అదే రోజు పొద్దున ఎనిమిదింటికి రండి. సూదికి పట్టు తీశాక మొదటి పని మీదే."

షావుకారు ఇంకేదో అనబోయాడు. ఆమె లోపలికి వెళ్లి పెడలు మీద కాలు వేసింది. కాయిలు మోగడం వీధిలోకి వినిపించింది.

సాయంత్రం అత్తగారు గడప దగ్గరే ఉంది. కోడలు చెప్పులు విప్పేదాకా ఆగింది.

"ఉందా?"

"మన దగ్గర లేదత్తయ్యా. ఆరేళ్లు ఆయన దగ్గరుంటుంది. తర్వాత నేనే తీస్తాను."

ముసలామె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. డెబ్బై ఏడూ ఆరూ. ఎంతయిందో పైకి చెప్పలేదు.

"అయితే అప్పటిదాకా నేను పోవడానికి లేదు," అంది. "నా సూది ఇలా ఇవ్వు. జాకెట్టుకు బొత్తాం ఊడింది."